మైక్రోమీటరు మరతో గీతల యంత్రం: స్కేలు నుంచి గ్రేటింగు వరకు

డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చదివిన వారికి స్పెక్ట్రోమీటరు ప్రయోగం గుర్తుండే ఉంటుంది. సోడియం దీపం ఎదుట పరికరాన్ని అమర్చి, మధ్యనున్న బల్ల మీద చిన్న గాజు పలకను నిలబెట్టి, దూరదర్శినిని అటూ ఇటూ తిప్పుతూ రీడింగులు రాసుకుంటాము. రికార్డు పుస్తకంలో 'అంగుళానికి 15,000 గీతలు' అని రాసే ఆ పలక, దగ్గర దగ్గరగా గీసిన సన్నని గీతలతో వెలుగును రంగులుగా విడదీసే వివర్తన జాలకం, వాడుకలో గ్రేటింగు. రీడింగు తీసే గుండ్రటి పళ్ళెం మీద అర డిగ్రీకి ఒకటి చొప్పున గీతలుంటాయి. ఈ పళ్ళెమూ ఆ పలకా చూడడానికి వేరువేరు వస్తువులే అయినా, రెండూ ఒకే జాతి యంత్రాల నుంచి పుట్టినవి: మరను కొలత ప్రకారం తిప్పి, పనిముట్టును కొంచెం జరిపి, ఒక గీత గీసి, మళ్ళీ జరిపే యంత్రాలు. మొదటిదాన్ని 18వ శతాబ్దంలో లండన్‌లో పరికరాల తయారీదారు జెస్సీ రామ్స్‌డెన్ ఒక దారికి తెచ్చారు. రెండోదాన్ని 1882 నాటికి అమెరికాలోని బాల్టిమోర్‌లో భౌతిక శాస్త్రజ్ఞుడు హెన్రీ రోలండ్ ఒక శిఖరానికి చేర్చారు.

అటువంటి యంత్రాన్ని చిన్న ఎత్తున, చేత్తో తిప్పుకునే విధంగా తయారు చేసుకునే పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను. ఇది 20 మిల్లీమీటర్ల పొడవున, 50 మైక్రాన్ల ఎడంతో 400 గీతలు గీస్తుంది. మిల్లీమీటరుకు 20 గీతలన్న మాట. రోలండ్ యంత్రం అంగుళానికి 14,438 గీతలు, అంటే మిల్లీమీటరుకు సుమారు 568 గీతలు గీసేది కనుక ఆ రెంటికీ పోలిక లేదు. అయితే రోలండ్‌ను వేధించిన లోపాలన్నీ ఈ చిన్న యంత్రంలోనూ కనిపిస్తాయి, వాటిని కంటితో చూసి సరిచేసుకోవడమూ సాధ్యమే. ఒంగోలు, నెల్లూరుల్లో దొరికే సామాను దీనికి చాలావరకు సరిపోతుంది. దొరకని ఒకటి రెండు వస్తువులకు చెన్నైలోని ప్యారీస్ కార్నర్ బజారు వైపు వెళ్ళిరావాలి.

ఎక్కడ డబ్బు పెట్టాలి, ఎక్కడ అక్కరలేదు

పని మొదలుపెట్టే ముందు ఒక లెక్క చూసుకోవాలి. పాత 0–25 మి.మీ. మైక్రోమీటరు మర ఒక చుట్టు తిరిగితే అర మిల్లీమీటరు, అంటే 500 మైక్రాన్లు ముందుకు వస్తుంది. దాని తిరిగే పిడికి 150 మి.మీ. వ్యాసమున్న బిళ్ళను బిగించామనుకుందాం. ఆ బిళ్ళ అంచు చుట్టుకొలత సుమారు 471 మి.మీ. అంచు మీద 471 మి.మీ. ప్రయాణం మర దగ్గర అర మిల్లీమీటరుగా కుదించుకుపోతుంది కనుక, బిళ్ళ అంచున కోసిన గంటు ఒక చోట 0.1 మి.మీ. తప్పిపోయినా గీత దగ్గర ఆ తప్పు 0.1 మైక్రాను మాత్రమే. బిళ్ళ కేంద్రం 0.2 మి.మీ. పక్కకు కూర్చున్నా 0.2 మైక్రాన్లకు మించి నష్టం లేదు. అందువల్ల బిళ్ళకు పెద్ద లేత్ షాపులో చుట్టును సమాన భాగాలుగా విభజించే డివైడింగ్ హెడ్ వెతుక్కుంటూ తిరగనవసరం లేదు. నేమ్‌బోర్డులకు యాక్రిలిక్ అక్షరాలు కోసే లేజర్ కటింగ్ షాపులో, 5 మి.మీ. యాక్రిలిక్ షీటులో, అంచున సమాన దూరంలో 10 గంట్లతో ఒక బిళ్ళ కోయించుకుంటే చాలు. ఒక గంటు నుంచి తర్వాతి గంటుకు తిప్పితే 50 మైక్రాన్లు.

రామ్స్‌డెన్‌కు ఈ వెసులుబాటు లేదు. ఆయన యంత్రం గుండ్రటి పరికరాల మీద డిగ్రీలు గీసేది. 1770ల మధ్యలో పూర్తయిన రెండో యంత్రంలో 45 అంగుళాల వ్యాసమున్న కంచు చక్రం, దాని అంచున 2,160 పళ్ళు, ఆ పళ్ళలో కూర్చుని తిరిగే మర ఉన్నాయి. మర ఒక చుట్టు తిరిగితే చక్రం ఒక పన్ను, అంటే డిగ్రీలో ఆరో వంతు జరుగుతుంది. కాలితో తొక్కే మీట దాన్ని నడిపేది. అంత పెద్ద చక్రం ఎందుకంటే, అక్కడ మర చక్రాన్ని నడుపుతుంది కనుక చక్రం పళ్ళలో ఉన్న దోషమేదీ తగ్గకుండా నేరుగా పని మీదికి వస్తుంది. మన యంత్రంలో సంగతి తలకిందులు: బిళ్ళ మరను నడుపుతుంది. 1777లో, సముద్రం మీద రేఖాంశం కనుక్కునే పద్ధతులను ప్రోత్సహించే బ్రిటిష్ ప్రభుత్వ సంస్థ బోర్డ్ ఆఫ్ లాంగిట్యూడ్ రామ్స్‌డెన్‌కు 615 పౌన్లు ఇచ్చి ఆ యంత్రపు వివరాలను ప్రచురింపజేసింది. పైగా ఇతర పనివాళ్ళు తెచ్చిన నావికుల కోణమాన పరికరాలకు, ఆక్టెంటుకు 3 షిల్లింగులు, సెక్స్‌టెంటుకు 6 షిల్లింగులు తీసుకుని, గీతలు గీసిపెట్టాలని షరతు పెట్టింది. ఒకరి పనితనాన్ని అందరి పనితనంగా మార్చడానికి అంతకన్నా తెలివైన షరతు ఉండదని నా అభిప్రాయం.

మొత్తానికి డబ్బూ ఓపికా పెట్టవలసినవి మరకు, అది తోసే చోటికి, గీసే ములుకును పట్టి ఉంచే చోటికి. మిగిలినవన్నీ మోటుగా ఉన్నా పరవాలేదు.

రాయి, కడ్డీలు, మర

అడుగుకు చీమకుర్తి నల్లరాయిని మించినది ఈ చుట్టుపక్కల దొరకదు. బంగారు చుక్కలతో మెరిసే గెలాక్సీ రాయి విదేశాలకు పోయేంత పేరున్నదే గాని, మనకు కావలసింది దాని అందం కాదు. ఆ రాయి తుప్పు పట్టదు, కాలం గడిచేకొద్దీ వంగదు, వేడికి ఉక్కుతో పోలిస్తే సగం నుంచి మూడింట రెండు వంతుల మేరకే సాగుతుంది. ఫ్యాక్టరీ యార్డులో 20 మి.మీ. పలకలు సులువుగా దొరుకుతాయి, కాని అవి పనికిరావు; సమాధి రాళ్ళకు కోసిన మందపాటి ముక్కల్లో తీసివేసింది, 50 మి.మీ. మందం, సుమారు 400 మి.మీ. పొడవు, 250 మి.మీ. వెడల్పు ఉన్నది అడిగి తెచ్చుకోవాలి. అద్దంలా మెరిసినంత మాత్రాన పలక సమతలమని అనుకోకూడదు. పాలిష్ వేరు, సమతలం వేరు. మన యంత్రానికి సమతలం అవసరం లేదు కనుక ఆ విషయంలో రాజీ పడవచ్చు. రాయి కింద మూడు చోట్ల మాత్రమే రబ్బరు ముక్కలు పెట్టాలి. నాలుగు పెడితే బల్ల ఎలా వంగితే రాయి మీద అలా ఒత్తిడి పడుతుంది.

గీతలు గీయవలసిన గాజును మోసే బండి రెండు ఉక్కు కడ్డీల మీద జారుతుంది. పాడైపోయిన డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరులో తల అటూ ఇటూ పరుగెత్తే కడ్డీ ఇందుకు చక్కగా సరిపోతుంది. అది నునుపుగా గ్రైండ్ చేసిన ఉక్కు, పాత సామాను కొట్లలో తూకానికి దొరుకుతుంది. కడ్డీలను రాతి మీద సమాంతరంగా అరల్డైటుతో అతికించి, ఒక రాత్రి కదపకుండా వదిలేయాలి. బండి అడుగున మొదటి కడ్డీ మీద రెండు చోట్ల వి ఆకారపు ఇత్తడి గాడులు, రెండో కడ్డీ మీద ఒకే చోట చదునైన ఇత్తడి ముక్క ఉండాలి. ఇలా చేస్తే బండికి ముందుకూ వెనక్కూ జరగడం తప్ప మరో దారి ఉండదు, కడ్డీలు కొంచెం సమాంతరం తప్పినా బండి బిగుసుకుపోదు. నాలుగు బేరింగులు వేసి గట్టిగా బిగించాలని ఫిట్టరు సలహా ఇస్తాడు. వినయంగా విని ఊరుకోవాలి.

మైక్రోమీటరు కొత్తదే కానవసరం లేదు, కాని మంచి కంపెనీది, మరలో ప్లే, అంటే వదులు, లేనిది కావాలి. దాని విల్లును కోయించి, పిడి ఉన్న భాగాన్ని రాతి మీద అతికించిన ఇనుప దిమ్మెకు బిగించాలి. తిరిగే కొద్దీ పిడితో పాటు బిళ్ళ కూడా 20 మి.మీ. ముందుకు పోతుంది కనుక, గంటులో పడే నాలుక సన్నని మొన అయితే బిళ్ళ దాన్ని దాటిపోతుంది. నాలుకకు బదులు మర అక్షానికి సమాంతరంగా 30 మి.మీ. పొడవున్న నిటారు పట్టీని మడతబందు మీద అమర్చితే, బిళ్ళ ఎంత ముందుకు వెళ్ళినా గంటు దాని మీదే పడుతుంది. పట్టీ 20 మి.మీ. పొడవులో అర మిల్లీమీటరు వాలుగా ఉన్నా, మొత్తం గీతల పొడవులో తేడా అర మైక్రాను చిల్లర మాత్రమే.

బండిని మర వెనక్కి లాగదు, ముందుకు తోస్తుందంతే. బండికి నైలాను తాడు కట్టి, చిన్న కప్పీ మీదుగా ఒక కిలో బరువు వేలాడదీస్తే అది బండిని ఎల్లప్పుడూ మర మొనకు ఆనించి ఉంచుతుంది. స్ప్రింగు వాడితే సాగేకొద్దీ దాని బలం మారుతుంది, బరువు మారదు. నట్టు చేయనవసరం లేదు, ప్లే బాధ కూడా లేదు.

కుదురు

ఈ యంత్రం మంచిదా చెడ్డదా అని తేల్చేది మర మొన బండిని తాకే చోటే. మొన చదునుగా ఉండి, అవతలి ముక్క కూడా చదునుగా ఉండి, రెంటిలో ఒకటి వెంట్రుక వాసి వాలినా, మర తిరిగిన ప్రతిసారీ బండి కొంచెం ముందుకు తోసుకుని మళ్ళీ కొంచెం వెనక్కి వస్తుంది. ప్రతి చుట్టుకూ, అంటే ప్రతి పది గీతలకూ ఒకసారి అదే తప్పు తిరిగి తిరిగి వస్తుంది. అడ్డదిడ్డంగా వచ్చే తప్పు గ్రేటింగును కొంత మసకబరుస్తుంది. తాళం తప్పకుండా వచ్చే తప్పు లేని వెలుగును ఉన్నట్టుగా చూపిస్తుంది.

మర మొన మీద బేరింగు నుంచి తీసిన 4 లేదా 5 మి.మీ. ఉక్కు గుండును అతికించాలి. అవతల, బండి మీద, గట్టిపరచిన ఉక్కు పలక గాని, మందపాటి గాజు ముక్క గాని ఉండాలి. గుండు సరిగ్గా మర అక్షం మీద ఉంటే పలక ఎంత వాలినా తప్పు రాదు. పలక అక్షానికి సరిగ్గా లంబంగా ఉంటే గుండు ఎంత పక్కకున్నా తప్పు రాదు. రెండూ కొంచెం కొంచెం తప్పితేనే వస్తుంది; ఆ తప్పు ఎంతంటే, గుండు పక్కకు తప్పిన దూరాన్ని పలక వాలుతో గుణిస్తే వచ్చేంత. గుండు 0.1 మి.మీ. పక్కకుండి, పలక అర డిగ్రీ వాలి ఉంటే, అది ఒక్కొక్క వైపుకు 0.9 మైక్రాను. ఒక మైక్రానంటే ఏపాటి అనిపిస్తుంది గాని, అది ఏం చేస్తుందో పరీక్ష దగ్గర చూద్దాం.

గుండును కేంద్రంలో కూర్చోబెట్టడానికి, చిన్న కదలికలను ముల్లుతో చూపే డయల్ గేజ్ కావాలి. గుండు పక్క మీద గేజి ముల్లును ఆనించి, జిగురు గట్టిపడక ముందే మరను నెమ్మదిగా తిప్పుతూ, ముల్లు ఎటు పోతే అటు నుంచి అగ్గిపుల్లతో గుండును నెట్టాలి. ముల్లు మొత్తం కదలిక 0.02 మి.మీ. లోపు వచ్చేదాకా ఓపిక పట్టాలి. అప్పుడు గుండు కేంద్రం నుంచి 0.01 మి.మీ. మాత్రమే తప్పి ఉన్నట్టు లెక్క. లేత్ షాపులో పనిచేసే కుర్రవాళ్ళకు ఇది కొత్త విద్య కాదు. ఫోర్ జా చక్‌లో పని పట్టేటప్పుడు రోజూ చేసేదే.

ములుకు, మసి

గీసే ములుకు బండి కదలికకు అడ్డంగా, ఒక 10 మి.మీ. మేర, ఒకే దారిలో పోయి రావాలి. దీనికి జారుడు అమరిక కంటే వేలాడే అమరిక మేలు. హాక్సా బ్లేడును విరిచి రెండు సమానమైన ముక్కలు చేసి, వాటి మధ్య ములుకు దిమ్మెను వేలాడదీస్తే, అది గీత దిక్కున తేలిగ్గా ఊగుతుంది, బ్లేడు వెడల్పు దిక్కున మాత్రం కదలదు. ఊగేటప్పుడు దిమ్మె కొద్దిగా పైకి లేస్తుంది, 100 మి.మీ. బ్లేడుకు 5 మి.మీ. ఊపులో అది 0.15 మి.మీ. మాత్రమే. ములుకును పట్టే చేతికి మడతబందు వేస్తే దాని పిన్నులోని ప్లే అంతా గీతల మీదికి వస్తుంది. మెకానిక్కులు వాల్వులు సరిచేయడానికి వాడే ఫిల్లర్ గేజ్‌లో సన్నపాటి రేకు ఒకటి తీసి, దాన్నే మడతబందుగా వాడుకుంటే ఆ చిక్కు ఉండదు.

మొదటి ప్రయత్నాలకు వజ్రం వద్దు. మైక్రోస్కోపు గాజు స్లయిడును కర్పూరం మంటకు పైన ఆడిస్తే సన్నని, ఒత్తైన మసి పడుతుంది. వెలుగుతున్న బల్బును ఆ మసి గుండా చూస్తే ముదురు ఎరుపుగా, లీలగా కనిపించేంత మందం చాలు. అంతకంటే ఎక్కువైతే ములుకు ముందు మసి పెళ్ళలుగా లేస్తుంది. కుట్టు సూది మొనను నూనెరాయి మీద కొద్దిగా గుండ్రం చేసి, ఒకటి రెండు గ్రాముల బరువుతో మసి మీద ఆనించాలి. సెల్‌ఫోను కెమెరాకు తగిలించే చిన్న లెన్సుతో చూస్తే, నల్లటి నేల మీద గీతలు తెల్లగా, ఇరువైపులా అంచులు చెదరకుండా కనిపించాలి.

19వ శతాబ్దపు గ్రేటింగులకు ఇంత సులువు పద్ధతి లేదు. జర్మన్ శాస్త్రజ్ఞుడు ఫ్రాన్‌హోఫర్ 1821 ప్రాంతంలో సన్నని తీగలను పక్కపక్కన పరచిన జాలకాలతో మొదలుపెట్టి, తర్వాత గాజు మీద బంగారు పూతను గీకడానికీ, గాజునే వజ్రంతో గీయడానికీ దిగారు. రోలండ్ రాగి, తగరం కలిపిన స్పెక్యులమ్ లోహపు పలకల మీద గీసేవారు. ఆ పలకలను పెన్సిల్వేనియాకు చెందిన జాన్ బ్రాషియర్ తయారు చేసి ఇచ్చేవారు. తర్వాతి కాలంలో గాజు మీద అల్యూమినియం పూత వచ్చాక, వజ్రం లోహాన్ని కోయకుండా ఒత్తి పక్కకు జరుపుతుంది. అందువల్ల పెద్ద గ్రేటింగు గీసేటప్పుడు సగం దారిలో వజ్రం అరిగిపోయే ప్రమాదం తగ్గింది.

వేడి

మీటరు పొడవున్న ఉక్కు కడ్డీ 1 డిగ్రీ వేడెక్కితే 11.5 మైక్రాన్లు సాగుతుంది. రోలండ్ గీతల మధ్య ఎడం 1.76 మైక్రాన్లు. 6 అంగుళాల ఉక్కు మర 1 డిగ్రీ వేడెక్కితే సాగేది 1.75 మైక్రాన్లు, అంటే ఒక పూర్తి గీత ఎడం. 6 అంగుళాల మేర గీయాలంటే సుమారు 86,600 గీతలు. నిమిషానికి పది చొప్పున లెక్క వేసినా ఆరు రోజులు, రాత్రింబవళ్ళు ఆగకుండా. ఆ ఆరు రోజులూ వేడి డిగ్రీలో చిన్న భాగం కూడా మారకూడదు. బాల్టిమోర్‌లో యంత్రాన్ని నేలమాళిగలో పెట్టడానికి కారణం అదే. 1901లో రోలండ్ మరణించాక ఆయన చితాభస్మాన్ని కూడా ఆ యంత్రం దగ్గరి గోడలోనే ఉంచారు.

మనకు 400 గీతలు. నిమిషానికి నాలుగు గీస్తే గంటా నలభై నిమిషాలు. రోహిణి కార్తెలో మిట్టమధ్యాహ్నం ఈ పని పెట్టుకోకూడదని వేరే చెప్పనవసరం లేదు. ఏసీ వేసుకుంటే సరిపోతుందని మాత్రం అనుకోకూడదు. ఏసీ కంప్రెసరు ఆగుతూ మొదలవుతూ ఉన్నంత సేపూ గది వేడి ఎక్కుతూ దిగుతూ ఉంటుంది, అది గీతల ఎడంలో అలల్లాగా కనిపిస్తుంది. నెమ్మదిగా ఒకే దిక్కున మారే వేడి కంటే ఇది ఎక్కువ చెరుపు. పడమటి గోడకు దూరంగా, ఇంటి నడిమి గదిలో, ఫ్యానూ ఏసీ ఆపి, అర్ధరాత్రి తర్వాత తెల్లవారేలోపు గీయడం అన్నిటికంటే మేలు. యంత్రాన్ని సాయంత్రమే ఆ గదిలో పెట్టి, స్లయిడును కూడా బండి మీద బిగించి ఉంచాలి. మనిషి ఒంటి వేడి కూడా తక్కువది కాదు. ముందువైపు చేతులు పట్టేంత సందు వదిలి యంత్రం మీద అట్టపెట్టెను బోర్లించుకోవాలి. జాతీయ రహదారి పక్కనో, రైలు పట్టాల పక్కనో ఇల్లున్న వారు రబ్బరు ముక్కల కింద ఇసుక నింపిన వెడల్పాటి ట్రే పెట్టుకోవాలి. చీమకుర్తి నుంచి రాళ్ళ లారీలు పోయే దారిలో ఉన్నవారికి నేను ఇవ్వగలిగిన సలహా, ఇంకొకరి ఇల్లు చూసుకోవడమే.

గీయడం

ముందుగా మరను వెనక్కి తిప్పి, మళ్ళీ ముందుకు ఒక పూర్తి చుట్టు తిప్పి, ఆ తర్వాతే మొదటి గీత గీయాలి. అటుపైన మరను ముందుకు తప్ప వెనక్కి తిప్పకూడదు. ప్రతి గంటులో పట్టీ పడ్డాక రెండు మూడు సెకన్లు ఆగాలి. కడ్డీల మీది నూనె వల్ల బండి వెంటనే నిలవదు, పాకుతూ నిలుస్తుంది. ములుకును దించి, తన వైపుకు ఒకే వేగంతో లాగి, పైకి ఎత్తి, తిరిగి పంపాలి. పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ రెండుసార్లూ గీస్తే గీతల జతలు ఏర్పడతాయి, ఎడం రెండు రకాలవుతుంది.

ఒక గీత గీయడం మరచిపోతే పరవాలేదు. వెనక్కి వెళ్ళి పూరించే ప్రయత్నం చేయకూడదు. నాలుగు వందల్లో ఒక గీత లేకపోతే గ్రేటింగుకు ఏమీ కాదు. కాని చేయి తగిలి మైక్రోమీటరు దిమ్మె గాని, ములుకు చేయి గాని కదిలిందంటే, ఆ క్షణం నుంచి గీసినవన్నీ ముందు గీసిన వాటితో పొందిక తప్పుతాయి. ఆ స్లయిడును తుడిచేసి మళ్ళీ మసి పట్టించుకోవడం మంచిది.

గ్రేటింగు కాకుండా స్కేలు కావలసిన వారు, ఉదాహరణకు మైక్రోస్కోపు కింద పెట్టే కొలతబద్ద కోసం, రెండు గంట్లకు ఒక గీత గీస్తే పదో వంతు మిల్లీమీటరు స్కేలు వస్తుంది. ఐదో గీతా పదో గీతా పొడవుగా ఉండాలి కనుక, ములుకు దిమ్మె ఆగే చోట మూడు మెట్లున్న ఇత్తడి ముక్క పెట్టి, లెక్క ప్రకారం తిప్పుకుంటూ పోవాలి. స్కేలు మసి మీద నిలవదు. గాజును డైమండ్ స్క్రైబరుతో, కొంచెం ఎక్కువ బరువు పెట్టి గీసి, గీతల్లో దీపం మసి కలిపిన మైనం రుద్ది తుడిచేయాలి. పాతకాలపు థర్మామీటరు పనివాళ్ళు గాజు మీద మైనం పూసి, గీతలు గీసి, హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంతో తినిపించేవారు. ఆ ఆమ్లం చర్మం మీద పడితే వెంటనే నొప్పి తెలియకపోయినా లోపలికి దిగి ఎముకదాకా హాని చేస్తుంది. ఇంట్లో దాని జోలికి పోకూడదు.

పరీక్ష

గ్రేటింగులో గొప్ప సుగుణం, తన తప్పులను తానే చెప్పడం. దీనికి 532 నానోమీటర్ల ఆకుపచ్చ లేజర్ పాయింటరు కావాలి. ఆ రకంలో స్ఫటికం నుంచి వచ్చే వెలుగు తరంగదైర్ఘ్యం స్థిరంగా ఉంటుంది. ఎర్ర పాయింటర్లు 650 అని చీటీ ఉన్నా కొన్ని నానోమీటర్లు అటూ ఇటూ ఉంటాయి. చవక రకం ఆకుపచ్చ పాయింటర్లు చీటీ మీద చెప్పినదాని కంటే ఎక్కువ శక్తితో వెలగడం, కంటికి కనబడని పరారుణ కిరణాలను కూడా వదలడం మామూలే కనుక, నేరుగా గాని, అద్దంలో పడి వచ్చిన వెలుగును గాని కళ్ళతో చూడకూడదు. పిల్లలను గదిలో ఉండనీయకూడదు.

స్లయిడు నుంచి 4 మీటర్ల దూరంలో తెల్లగోడ ఉండాలి. కళ్ళద్దాల షాపులో ప్లస్ 0.25 పవరు గాజు ఒకటి తీసుకుని స్లయిడు పక్కనే పెట్టాలి. దాని నాభ్యంతరం, అంటే వెలుగును ఒకచోటికి చేర్చే దూరం, సరిగ్గా 4 మీటర్లు కనుక గోడ మీద చుక్కలు చిన్నగా, తీర్చినట్టుగా పడతాయి. మధ్య చుక్కకు ఇరువైపులా సుమారు 42.6 మి.మీ. ఎడంతో చుక్కల వరుస కనిపిస్తుంది. ఎడమవైపు ఐదో చుక్క నుంచి కుడివైపు ఐదో చుక్క దాకా టేపుతో కొలిస్తే 426 మి.మీ. రావాలి. ఎక్కువ వస్తే గీతల ఎడం 50 మైక్రాన్ల కంటే తక్కువ, తక్కువ వస్తే ఎక్కువ. వరుసలో కొన్ని చుక్కలు మసకగా ఉండడమో, అసలు లేకపోవడమో చూసి కంగారు పడనవసరం లేదు. తెల్లగీత వెడల్పు ఎడంలో సరిగ్గా సగమైతే సరిసంఖ్య చుక్కలన్నీ మాయమవుతాయి. అది సూది మొన సంగతి, మర సంగతి కాదు.

ఇక్కడ టేపుతో కొలవడం చిన్నచూపు చూడవలసిన పని కాదు. 1868 ఆగస్టు 18న ఫ్రెంచి ఖగోళ శాస్త్రజ్ఞుడు పియర్ జాన్సెన్ మన పక్కనున్న గుంటూరులో సంపూర్ణ సూర్యగ్రహణాన్ని వర్ణపటదర్శినితో పరిశీలించిన ఏడాదే, స్వీడన్‌లో ఆంగ్‌స్ట్రామ్ సూర్యుని వర్ణపటంలోని గీతల తరంగదైర్ఘ్యాలను ప్రకటించారు. జర్మనీకి చెందిన నోబర్ట్ గీసిన గ్రేటింగులను అందుకు వాడారు. గ్రేటింగులు మంచివే, కోణాలు సరిగానే కొలిచారు. గీతల ఎడాన్ని లెక్కించడానికి ఆధారం చేసుకున్న మీటరు కడ్డీ కొలతలోనే దోషం ఉందని తర్వాత తేలడంతో ఆ పట్టికలోని అంకెలన్నిటినీ దిద్దవలసి వచ్చింది.

ఇప్పుడు గోడ మీది ఐదో చుక్కను దగ్గరికి వెళ్ళి చూడాలి. దానికి ఇరుపక్కలా 4.3 మి.మీ. దూరంలో, అంటే రెండు చుక్కల మధ్య ఎడంలో పదో వంతు దగ్గర, సన్నని బలహీనమైన చుక్కలు కనిపిస్తే అవి మర చుట్టుకు ఒకసారి చేసే తప్పు వేసిన దొంగ చుక్కలు. రోలండ్ గ్రేటింగుల్లో అవి వర్ణపటంలో లేని గీతలుగా కనిపించి శాస్త్రజ్ఞులను తప్పుదారి పట్టించాయి, అందుకే వాటిని రోలండ్ ఘోస్టులంటారు. 1 మైక్రాను తప్పు మొదటి చుక్క దగ్గర వెయ్యింట నాలుగు వంతుల వెలుగును మాత్రమే దొంగిలిస్తుంది, కంటికి ఆనదు. కాని దొంగ చుక్క బలం చుక్క వరుస సంఖ్య వర్గంతో పెరుగుతుంది కనుక, ఐదో చుక్క దగ్గర అదే తప్పు అసలు చుక్కలో సుమారు పదో వంతు వెలుగుతో బయటపడుతుంది. గుండు, పలకల దగ్గర లెక్క వేసిన అర డిగ్రీ వాలు ఇక్కడ గోడెక్కి కూర్చుంటుంది.

పాయింటరు వెలుగు స్లయిడు మీద ఒకటిన్నర మిల్లీమీటరు మేరకే పడుతుంది, అంటే మర మూడు చుట్లలో గీసిన భాగం. దొంగ చుక్కలను విడదీసి చూపడానికి అది చాలు. స్లయిడును కొంచెం కొంచెం పక్కకు జరుపుతూ చూస్తే మర ఏ భాగంలో తప్పు పెరుగుతోందో, ఎక్కడ ఎడం మారి చుక్కల వరుస సాగుతోందో కూడా తెలుస్తుంది.

సరిచేయడం

దొంగ చుక్కలు కనిపిస్తే మరను అనుమానించే ముందు కుదురును, అంటే గుండు పలకను తాకే చోటును, అనుమానించాలి. బండి మీది పలక కింద ఒక అంచున వంటింటి అల్యూమినియం రేకు ముక్క ఒకటి దూర్చి, పలకను మళ్ళీ బిగించి, వంద గీతల చిన్న గ్రేటింగు గీసి చూడాలి. దొంగ చుక్కలు తగ్గితే అదే వైపు ఇంకొక రేకు, పెరిగితే ఎదుటి అంచున. ఎడమా కుడీ అయ్యాక పైనా కిందా కూడా ఇదే పని చేయాలి. 20 మి.మీ. వెడల్పున్న పలక అర డిగ్రీ వాలడానికి 0.17 మి.మీ. ఎత్తు తేడా చాలు కనుక రేకులు చాలానే పట్టవచ్చు. రెండు దిక్కులా చేసినా ఐదో చుక్క పక్కన మిగిలిపోయిన వెలుగు మర సొంత తప్పు.

దానికి మందు రోలండ్ దగ్గర ఉండేది. మర పొడవుకు దగ్గరగా ఉండే పొడవాటి నట్టును నిలువునా చీల్చి, మర మీద బిగించి, ఎమిరీ పొడీ నూనే వేసి రోజుల తరబడి తిప్పుతూ, నట్టును తరచూ ఇటుదటు మార్చి వేస్తూ, వేడి మారకుండా నీళ్ళలో ఉంచి అరగదీసేవారు. ఎత్తైన చోటు ముందు అరుగుతుంది, పొడవాటి నట్టు మొత్తం మరను సగటు చేస్తుంది. ఆయన పనివాడు థియోడర్ ష్నైడర్ పేరు కూడా ఈ సందర్భంలో చెప్పుకోవాలి. 1907లో భౌతికశాస్త్రంలో నోబెల్ అందుకున్న మైకెల్‌సన్ అంతటివారు కూడా షికాగోలో ఇటువంటి యంత్రం మీద ఏళ్ళ తరబడి కుస్తీ పట్టారు. మైక్రోమీటరు మరను మాత్రం ఇలా అరగదీయకూడదు. దాని నట్టు పొట్టిది కనుక అరగదీస్తే తప్పు పోకపోగా ప్లే వస్తుంది. మర సొంత తప్పు ఎక్కువగా ఉందని తేలితే మైక్రోమీటరును మార్చడమే దారి.

దొంగ చుక్కలు కనబడనంతగా తగ్గాక 20 గంట్ల బిళ్ళ కోయించి 25 మైక్రాన్ల ఎడానికి వెళ్ళవచ్చు. అంతకన్నా దగ్గరికి మసి ఒప్పుకోదు, దాని రేణువులే అడ్డు వస్తాయి. అక్కడి నుంచి అల్యూమినియం పూసిన గాజూ, చక్కగా సానబట్టిన వజ్రమూ కావాలి. పూర్తయిన ప్రతి స్లయిడు మీద, అంచుల్లో సన్నని కాగితపు పట్టీలు పెట్టి, రెండో గాజు మూసి, చుట్టూ టేపు వేయాలి. సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో ఈ పని అదే రోజు చేయాలి, లేకపోతే తేమకు మసి చుక్కలు చుక్కలుగా లేస్తుంది. టేపు మీద తేదీ, గీయడం మొదలుపెట్టినప్పటి వేడి, ముగించినప్పటి వేడి, మైక్రోమీటరు మీద మొదటి గీత దగ్గరి రీడింగు, గీసిన దిక్కుకు బాణం గుర్తు రాసిపెట్టుకోవాలి.